సొలవ్కీ: ఒక మఠంలో మారిన కాపురాలు



మా చరిత్ర మాస్టారు పాఠం చెప్పే తీరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక కట్టడం గురించి కట్టించిన రాజు పేరు, శకం, శైలి చెప్పి పాఠం ముగించడం ఆయనకు నచ్చేది కాదు. నూరేళ్ళ తర్వాత అందులో ఎవరున్నారు, మూడొందల ఏళ్ళకు ఎవరున్నారు, తాళం ఎవరు వేశారు, ఎవరు తీశారు అని అడిగేవారు. పరీక్షలో రాని ప్రశ్నలు కాబట్టి మేం పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. ఈ రోజు ఆ ప్రశ్నలనే ఒక మఠాన్ని అడుగుదాం.

ఆ మఠం మన దేశంలోది కాదు. రష్యా ఉత్తరపు అంచున, శ్వేతసముద్రంలో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన ఉన్న సొలవెత్స్కీ ద్వీపాల్లో ఉంది. వాడుకలో సొలవ్కీ అంటారు. నేను ఆ దీవుల్లో కాలుపెట్టలేదు. చరిత్రకారులు రాసినవి, అక్కడ బతికి బయటపడ్డవాళ్ళు రాసినవి చదివి చెబుతున్నాను.

సొలవ్కీ కథను సాధారణంగా రెండు ముక్కలుగా చెబుతారు. మొదటి ముక్కలో అది పుణ్యక్షేత్రం. రెండో ముక్కలో విప్లవం వచ్చి దాన్ని నరకం చేసింది. వినడానికి బాగుంటుంది, ఏడవడానికి వీలుగానూ ఉంటుంది. కానీ ఆ గోడల మధ్య ఆరు శతాబ్దాల్లో జరిగింది చూస్తే కథ అలా నిలవదు. ప్రతి కొత్త కాపురం పాత కాపురం వదిలిన గోడలను, పొయ్యిలను, పడవలను, అలవాట్లను పుచ్చుకునే మొదలైంది. వారసత్వం అనగానే మనకు మంచి మాటగా వినిపిస్తుంది. ఇక్కడ ఆ పూచీ లేదు.

ముందు చోటు గురించి. పెద్దవి ఆరు దీవులు. వాటిలో సొలవెత్స్కీ అన్నది అన్నిటికన్నా పెద్దది. అడవి, బురదనేల, వందల కొద్దీ సరస్సులు. చలికాలం సముద్రంలో మంచుపలకలు కొట్టుకొస్తాయి. ఏడాదిలో సగానికి పైగా పడవలు తిరగవు. వేసవిలో రాత్రి చీకటి పడదు, శీతకాలంలో పగలు ఉందో లేదో తెలియదు. ఒక చిన్న దీవిలో రాళ్ళను సుడిలాగా పేర్చిన వలయాలు ఉన్నాయి. క్రీస్తుకు ఎన్నో ఏళ్ళ ముందువి. అంటే అప్పటికే ఎవరో వచ్చిపోతూ ఉన్నారు, స్థిరంగా కాపురం మాత్రం పెట్టలేదు. అలా పెట్టింది సన్యాసులు. 1429లో సవ్వాతి, గెర్మాన్ అనే ఇద్దరు తపసులు ఒక గుట్ట దగ్గర గుడిసె వేసుకున్నారు. సవ్వాతి చనిపోయాక, 1436లో జొసీమా అనే మరొకరు గెర్మాన్‌తో కలిసి వచ్చి మఠం స్థాపించారు.

ఆ గుట్ట పేరు సెకిర్నయా. దాని మీద ఒక ఐతిహ్యం ఉంది. సన్యాసులను చూసి ఒక జాలరి కుటుంబం కూడా దీవికి వచ్చిందట. ఇద్దరు దేవదూతలు ప్రత్యక్షమై జాలరి భార్యను బెత్తాలతో కొట్టి, ఇది సంసారుల చోటు కాదు, పొండి అన్నారట. మఠం చెప్పుకునే మొట్టమొదటి కథలోనే ఒక స్త్రీని కొట్టి తరమడం ఉంది. ఈ గుట్ట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

రెండు తరాలు తిరిగేసరికి మఠం పెద్ద భూస్వామి అయింది. చలిదేశంలో పండే పంట తక్కువ కాబట్టి ధనమంతా ఉప్పులో వచ్చింది. ఒడ్డున సముద్రపు నీటిని మరిగించి ఉప్పు తీసే బట్టీలు పదుల కొద్దీ ఉండేవి. ఆ ఉప్పు పడవల మీద రష్యా లోపలికి పోయి, ధాన్యమై తిరిగి వచ్చేది. 1548లో ఫిలిప్ అనే ఆయన మఠాధిపతి అయ్యాడు. నా దృష్టిలో సొలవ్కీ కథలో ఇంతకు మించిన మనిషి లేడు. సరస్సులను కాలువలతో కలిపించి, ఆ నీటిని మఠం పక్కనున్న సరస్సుకు మళ్ళించి, మర ఆడించాడు. ఇటుకల బట్టీ పెట్టించాడు. సముద్రపు కయ్యలో రాతి కట్టలు వేసి చేపలను బతికి ఉంచే మడుగులు చేయించాడు. దీవికి రెయిన్‌డీర్లను తెప్పించాడు. 1550లలో భోజనశాలతో కూడిన రాతి చర్చి, 1558 నుంచి 1566 దాకా రూపాంతర కేథడ్రల్ లేచాయి. 1566లో జారు, అంటే రష్యా చక్రవర్తి, ఇవాన్ ద టెరిబుల్ ఆయన్ను మాస్కోకు పిలిపించి రష్యా మతపీఠానికి అధిపతిని చేశాడు. ఫిలిప్ అక్కడ జారు సొంత దళం చేస్తున్న నెత్తుటి పనులను చర్చిలోనే, జారు మొహం మీదే తప్పుపట్టాడు. 1568లో పదవి తీసేశారు. మరుసటేడు త్వేర్‌లోని ఒక మఠంలో బందీగా ఉండగా జారు మనిషి మల్యూతా స్కురాతొవ్ ఆయన్ను చంపాడు.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరికి వచ్చి పోదాం. మఠం అంటే మూల కూర్చుని జపం చేసుకునే చోటు అనుకుంటే ఈ కథ అర్థం కాదు. మన గోళకీ మఠం సంగతి మీకు తెలుసు. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, విశ్వేశ్వర శివాచార్యులకు రుద్రమదేవి మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని ఇచ్చింది. ఆ ఆదాయంతో ఆయన గుడి, మఠం, విద్యార్థులకు వసతి, వేదాలకూ తర్కసాహిత్యాలకూ ఉపాధ్యాయులు, వైద్యుడు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం అన్నీ ఏర్పాటు చేశారు. అన్నం పెట్టే చోట బ్రాహ్మణుడి మొదలు చండాలుడి వరకు ఎవరినీ కాదనకూడదని రాయించారు. లెక్కలు రాసే కరణం, ఊరికి కాపలా కాసే వీరభద్రులు కూడా ఆ జాబితాలోనే ఉన్నారు. అంటే మఠంలో బడి, ఆసుపత్రి, కచేరి, కాపలా అన్నీ ఒక్క కప్పు కింద ఉన్నాయి. సొలవ్కీ కూడా ఆ జాతి సంస్థే. కాపలా అన్న ఒక్క అంగం అక్కడ మిగతావాటిని మించి పెరిగింది. అదీ తేడా.

స్వీడన్ భయంతో జారు ప్రభుత్వం 1582లో అక్కడ కోట కట్టించడం మొదలుపెట్టింది. 1596కు పూర్తయింది. దీవిలో దొరికే గుండ్రాళ్ళనే చెక్కకుండా పేర్చారు. ఒక్కొక్కటి టన్నుల బరువు. గోడ అడుగున సుమారు 6 మీటర్ల మందం, చుట్టుకొలత కిలోమీటరు పైమాట. ఫొటోల్లో ఆ రాళ్ళ మీద నారింజ రంగు పాచి కనిపిస్తుంది. దాన్ని కట్టిన మేస్త్రీల్లో త్రీఫోన్ అనే సన్యాసి ఉన్నాడు. శత్రువు లోపలికి రాకుండా కట్టిన గోడ లోపలివాడు బయటికి పోకుండా కూడా పనికొస్తుందన్న సంగతి ప్రభుత్వానికి తెలియడానికి ఆలస్యం కాలేదు.

నిజానికి ఆ సంగతి గోడకన్నా ముందే తెలుసు. 16వ శతాబ్దం నుంచే మాస్కో తనకు గిట్టనివారిని సొలవ్కీకి పంపుతూ వచ్చింది. మతభ్రష్టులు, మాట వినని గురువులు, పదవి పోయిన మంత్రులు. గోడల్లోపల, బురుజుల అడుగున, మెట్ల కింద రాతి గదులు జైలు గదులయ్యాయి. జైలరు పని మఠాధిపతిదే. ఖైదీ ఎలా ఉన్నాడో పైకి నివేదిక రాసేవాడూ ఆయనే. పీటర్ చక్రవర్తి కొలువులో చక్రం తిప్పిన ప్యోతర్ తొల్‌స్తోయ్ పీటర్ పోయాక ఇక్కడికి వచ్చి, 1729లో ఇక్కడే పోయాడు. నవలాకారుడు టాల్‌స్టాయ్‌కి ఆయన పూర్వీకుడు. ఉక్రెయిన్ కొసాక్కుల ఆఖరి నాయకుడు పెత్రో కల్నిషెవ్‌స్కీని 1776లో తెచ్చి మూశారు. 1801లో కొత్త చక్రవర్తి క్షమించి వదిలేసేనాటికి ఆయన నూరు దాటిన ముసలివాడని చెబుతారు. ఇంటికి పోనన్నాడు. పాతికేళ్ళు ఉన్న చోటే ఉండనివ్వమని అడిగి, రెండేళ్ళకు అక్కడే కన్నుమూశాడు. జైలుగా దాని వాడకం 19వ శతాబ్దం చివర్లో ఆగింది, కాగితాల మీద రద్దయింది 1903లో.

మధ్యలో ఒక విచిత్రం. ఈ మఠమే ఒకసారి ప్రభుత్వం మీద తిరగబడింది. 17వ శతాబ్దంలో రష్యా చర్చి అధిపతి పేట్రియార్క్ నీకన్ పూజాపుస్తకాలనూ ఆచారాలనూ సంస్కరించాడు. సొలవ్కీ సన్యాసులు ఒప్పుకోలేదు. 1668 నుంచి 1676 దాకా జారు సైన్యం మఠాన్ని ముట్టడించింది. ఎనిమిదేళ్ళు! జారు ఇచ్చిన కోటనూ జారు పంపిన ఫిరంగులనూ జారు సైన్యం మీదే వాడారు. చివరికి లోపలి సన్యాసి ఒకడు గోడలో సరిగా మూయని కంతను చూపిస్తే సైన్యం దూరింది. లోపల ఉన్న కొన్ని వందల మందిలో బతికినవాళ్ళు బహుకొద్ది. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త సన్యాసులను పంపి మఠాన్ని నింపింది. ఇప్పుడు మనం అవిచ్ఛిన్న సంప్రదాయం అంటున్నది ఒకసారి మధ్యలో తెగి, సర్కారు చేతి ముడితో మళ్ళీ కలిసిన తాడు. మఠం ప్రచురించిన యాత్రికుల పుస్తకాలు ఈ ఘట్టాన్ని త్వరగా దాటేసేవి.

19వ శతాబ్దంలో సొలవ్కీ యాత్రాస్థలంగా వెలిగింది. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో బ్రిస్క్, మిరాండా అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి గంటల తరబడి గుళ్ళు కురిపించాయి. సన్యాసులు గోడ మీద పవిత్ర పటాలతో ఊరేగారు. ఒక్కరూ చావలేదు. అది మహిమగా ప్రచారమై యాత్రికులు ఏటా వేలల్లో రాసాగారు. మఠానికి సొంత పొగ ఓడలు, ఓడలు బాగుచేసే రేవు, విప్లవానికి ముందే జలవిద్యుత్తు కూడా వచ్చాయి. ఆర్కిటిక్ పక్కన గాజు ఇళ్ళలో పుచ్చకాయలు పండించారు. మైనం తెలుపు చేసే కార్ఖానా వేడిని గొట్టాల్లో మట్టి కిందకి పంపేవారు. ఈనే పశువులు మఠం దగ్గర ఉండకూడదని ఆవులను పక్క దీవిలో పెట్టి, అక్కడికి సముద్రంలో గుండ్రాళ్ళతో కట్ట వేశారు.

ఈ పనులన్నీ ఎవరు చేశారు? సన్యాసులతోపాటు మొక్కుబడి కూలీలు. ఉత్తర తీరపు రైతులు బిడ్డ జబ్బు నయమైతే ఏడాది నీకు పనిచేయిస్తానని దేవుడికి మొక్కుకునేవారు. ఆ బిడ్డ పెద్దవాడై వచ్చి ఏడాది పాటు కూలి లేకుండా చేసి పోయేవాడు. తిండి, బట్ట, కొంత చదువు, చేతికి ఒక పని దొరికేవి. ఏడాది కాగానే ఇంటికి పోయేవాడు. ఇది బలవంతపు చాకిరీ కాదని నేను గట్టిగా చెబుతాను. కానీ కూలి ఇవ్వకుండా అడవి కొట్టించే, రాయి మోయించే, ఇటుక కాల్పించే ఒక యంత్రాంగం దీవిలో సిద్ధంగా ఉందన్నదీ నిజమే. పనిముట్లు, బట్టీలు, దారులు, నిల్వగదులు, ఒడ్డున కేమ్ రేవులో విడిది ఇళ్ళు. ఆ యంత్రాంగాన్ని 1920లో మఠం మూతపడ్డాక ఒక ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం అందుకుంది. అది నడవలేదు. 1923 మేలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చర్చిల పైకప్పులు, గ్రంథాలు, సామగ్రి కాలిపోయాయి. అదే జూన్‌లో మొదటి ఖైదీల ఓడ వచ్చింది. అక్టోబర్ 13న సొలవ్కీ ప్రత్యేక శిబిరం ఏర్పాటుకు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కొత్త యజమానులు మొదట్లో పెద్దగా ఏమీ కొత్తగా కట్టలేదు. రూపాంతర కేథడ్రల్‌లో మూడంతస్తుల చెక్క బల్లలు వేసి కొత్తగా వచ్చిన ఖైదీలను కుక్కారు. భోజనశాల, సన్యాసుల గదులు, అడవిలోని చిన్న ఆశ్రమాలు ఒక్కొక్కటీ శిబిరపు విభాగమైంది. చేపలు పట్టడం తెలిసినవాళ్ళు సన్యాసులే కాబట్టి కొన్ని పదుల మందిని జీతం ఇచ్చి ఉంచుకున్నారు. అంజెర్ దీవిలో కల్వరి పేరు పెట్టుకున్న ఆశ్రమం ఉంది. దాన్ని టైఫస్ రోగులు చావడానికి పంపే ఆసుపత్రిగా మార్చారు. సెకిర్నయా గుట్ట మీద 1862లో కట్టిన చర్చి ఉంది. దాని శిఖరమే ఓడలకు దీపస్తంభం. శిబిరం రోజుల్లో శిఖరం మీద దీపం వెలుగుతూనే ఉండేది, కింద గదులు శిక్షాగృహం. ఖైదీలను పగలంతా సన్నని వాసాల మీద, కాళ్ళు నేలకు ఆనకుండా కూర్చోబెట్టేవారు. చాలామంది ఆ గుట్ట దగ్గరే కాల్పుల్లో పోయారు. బెత్తాలు పట్టిన దేవదూతల గుట్ట అదే.

మొదట్లో రాజకీయ ఖైదీలకు కొన్ని వెసులుబాట్లు ఉండేవి. సోషలిస్టులు దూరంగా ఒక ఆశ్రమంలో తమ పద్ధతుల్లో ఉండేవారు. 1923 డిసెంబర్ 19న ఆరుబయట తిరగడం మీద ఆంక్షలు పెడితే వారు లెక్కచేయలేదు. కావలివాళ్ళు కాల్చారు. ఆరుగురు పోయారు. ఆ తర్వాత వెసులుబాట్లు తగ్గుతూ వచ్చాయి. నఫ్తాలీ ఫ్రెంకెల్ అనే ఖైదీ అధికారి స్థాయికి ఎదిగి, చేసిన పనిని బట్టి తిండి అన్న లెక్కను పదునుపెట్టాడని శిబిరంలో ఉన్నవారు రాశారు. తక్కువ పని చేసినవాడికి తక్కువ రొట్టె. తక్కువ రొట్టె తిన్నవాడు రేపు ఇంకా తక్కువ పని చేస్తాడు. ఈ లెక్క దీవి దాటి దేశమంతా పాకింది. 1931 నాటికి ప్రధాన భూభాగపు శాఖలతో కలిపి ఖైదీల సంఖ్య 70 వేలు దాటింది. ఆ ఏడు మొదలైన శ్వేతసముద్ర కాలువకు వీళ్ళలోంచే మనుషులను తోలారు. రచయిత సోల్జెనిత్సిన్ 1973లో వచ్చిన తన ‘గులాగ్ ద్వీపసమూహం’ గ్రంథానికి ఆ పేరు పెట్టుకోవడం వెనుక ఉన్నది ఈ దీవులే.

అదే సమయంలో శిబిరానికి సొంత నాటకశాల, పత్రిక, సొంత కరెన్సీ, గ్రంథాలయం కూడా ఉన్నాయి. దీన్ని చూసి కొందరు, అంత ఘోరమేమీ లేదులే అంటారు. ఇంకొందరు అదంతా పై పూత అంటారు. రెండూ తొందరపాటు మాటలే. నాటకం ఆడినవాళ్ళకు అది ప్రాణం నిలిపిన పని. అధికారులకు అది బయటివారికి చూపించుకునే సరుకు. 1925లో ఖైదీలుగా ఉన్న పండితులే ఒక చర్చిలో మ్యూజియం పెట్టారు. మఠంలో మిగిలిన పవిత్ర పటాలు, పుస్తకాలు, నేత పనులు తగలబడకుండా, పోకుండా దాచింది ఆ మ్యూజియమే. జొసీమా, సవ్వాతిల అస్థికలను కూడా తవ్వితీసి అక్కడే ప్రదర్శనకు పెట్టారు. భక్తులకు అది అపచారం. కానీ అలా వస్తువుగా నమోదు కావడం వల్లనే అవి మిగిలాయి. చరిత్రలో ఇలాంటి ఎదురు లెక్కలు ఉంటాయి.

దిమీత్రి లిహచోవ్ గురించి చెప్పకుండా ఈ ఘట్టం దాటలేను. లెనిన్‌గ్రాద్ విద్యార్థి. పాత రష్యన్ వర్ణక్రమాన్ని సమర్థిస్తూ స్నేహితుల సరదా సంఘంలో ఒక ప్రసంగం చేసినందుకు 1928 ఫిబ్రవరిలో పట్టుకున్నారు. సొలవ్కీలో వీధిపిల్లల ఖైదీలకు సాయం చేసే పని దొరికింది. దొంగల పేకాటల మీద శిబిరం పత్రికలో 1930లో వ్యాసం రాశాడు. మధ్యయుగ సాహిత్యంలో ప్రపంచం గౌరవించిన పండితుడి మొదటి పరిశోధన అచ్చయింది జైలు పత్రికలో! 1929 అక్టోబర్ 28 రాత్రి కాల్చేయాల్సినవాళ్ళను ఏరుతున్నారని తెలిసింది. తల్లిదండ్రులు చూడటానికి వచ్చి ఉన్నారు. వాళ్ళ కళ్ళ ముందు పట్టుకుపోకుండా కట్టెల పేర్ల మధ్య దాక్కున్నాడు. తెల్లవారేక తెలిసింది, తన బదులు ఇంకెవరినో లెక్కకు సరిపెట్టారని. ఆ తెలియని మనిషి కోసం కూడా తాను బతకాలని ఆయన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1966లో మళ్ళీ ఆ దీవికి వెళ్ళాడు. 1999లో పోయేదాకా సొలవ్కీ కట్టడాల రక్షణ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ 1929 జూన్‌లోనే మక్సీమ్ గోర్కీ దీవికి వచ్చాడు. ఇది మనకు దగ్గరి సంగతి. క్రొవ్విడి లింగరాజు గారి తెలుగు ‘అమ్మ’ మన ఇళ్ళల్లో ఎంతమందిని ఏ దారి పట్టించిందో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కర్లేదు. నేనూ ఆ పుస్తకం చదివే పెరిగాను. అప్పటికి మూడేళ్ళుగా లండన్లో శిబిరం ఘోరాలు చెప్పే ఒక పుస్తకం తిరుగుతోంది. 1925లో శిబిరం నుంచి పారిపోయి ఫిన్లండ్ చేరిన మల్సాగొవ్ రాసింది. గోర్కీ రాకకు ముందు శిబిరాన్ని ముస్తాబు చేశారు. ఒక పిల్లవాడు, పద్నాలుగేళ్ళవాడు, గోర్కీతో ఏకాంతంగా చాలాసేపు మాట్లాడి జరుగుతున్నదంతా చెప్పాడని, గోర్కీ కన్నీళ్ళతో బయటికి వచ్చాడని, ఆయన ఓడెక్కాక పిల్లవాడు కనిపించలేదని లిహచోవ్ రాశాడు. గోర్కీ తిరిగి వెళ్ళి శిబిరాన్ని మెచ్చుకుంటూ వ్యాసం అచ్చువేశాడు. ఆయన మీద ఒత్తిడి ఉందని, కొడుకు కుటుంబం ఉందని, ఖైదీలకు మేలు జరుగుతుందనుకున్నాడని వాదించేవాళ్ళున్నారు. కావచ్చు. ఆ వ్యాసం మాత్రం తప్పే. ‘అమ్మ’ను ఇష్టపడినవాళ్ళే ఆ మాట ముందుగా అనాలి.

1930లలో శిబిరం జైలుగా బిగిసింది. గణితం, తత్వం, మతం మూడూ తెలిసిన పావెల్ ఫ్లరేన్‌స్కీ సముద్రపు పాచి నుంచి అయొడిన్, అగర్ తీసే పద్ధతులు అక్కడి ప్రయోగశాలలో కనిపెట్టాడు. 1937 డిసెంబర్‌లో లెనిన్‌గ్రాద్ పరిసరాల్లో ఆయన్ను కాల్చేశారు. అంతకుముందు అక్టోబర్ 27 నుంచి నవంబర్ 4 లోపల సొలవ్కీ ఖైదీలు 1,111 మందిని కరేలియాలోని సందర్మోహ్ అడవిలో కాల్చి పూడ్చారు. ఉక్రెయిన్ నాటక దర్శకుడు లెస్ కుర్బాస్, కవి మికోలా జెరోవ్ వారిలో ఉన్నారు. ఆ ఖైదీలు ఏమయ్యారో అరవయ్యేళ్ళు ఎవరికీ తెలియలేదు. 1997లో, అణచివేతలో పోయినవారి చరిత్రను వెలికితీసే ‘మెమోరియల్’ సంస్థవారు పరిశోధకుడు యూరీ ద్మీత్రియెవ్‌తో కలిసి ఆ గుంటలను కనిపెట్టారు.

1939 చివరికి జైలు ఎత్తేశారు. నావికాదళం వచ్చింది. 1942లో ఓడల్లో పనికి కుర్రాళ్ళను తయారుచేసే బడి పెట్టారు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. కొందరు ఇంకా చిన్నవాళ్ళు, వయసు అబద్ధమాడి చేరినవాళ్ళు. వచ్చీ రాగానే అడవిలో తమ గుంటల ఇళ్ళు తామే తవ్వుకున్నారు. యుద్ధం ముగిసేలోగా నాలుగు వేల పైచిలుకు మంది శిక్షణ పొంది వెళ్ళారు. తిరిగిరానివాళ్ళు చాలామంది. నవలాకారుడు వలెంతీన్ పీకుల్ ఆ బడి పిల్లవాడే, తర్వాత దాని మీద పుస్తకం రాశాడు. ఆ పిల్లలకు ఐదేళ్ళ క్రితం అదే గోడల మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు సొలవ్కీ అంటే కష్టపడ్డా గర్వంగా చెప్పుకునే బడి. ఒకే దీవి మీద ఒకరికి బడి జ్ఞాపకం, పక్కనే మరొకరికి సమాధి జ్ఞాపకం. రెండూ నిజమే.

నావికాదళం 1957లో వెళ్ళిపోయింది. 1967లో మ్యూజియం వచ్చింది. విద్యార్థులు వేసవి సెలవుల్లో వచ్చి శిథిలాలు ఎత్తిపోశారు, కప్పులు వేశారు. అయితే ఆ మ్యూజియంలో చాలాకాలం 16వ శతాబ్దపు శిల్పం ఉంది, చేపల మడుగులు ఉన్నాయి, శిబిరం లేదు. శిబిరం గురించిన మొదటి ప్రదర్శన 1989 జూన్‌లో తెరుచుకుంది. 1990 అక్టోబర్‌లో మఠాన్ని పునరుద్ధరించారు. అదే నెల 30న సొలవ్కీ నుంచి తెచ్చిన ఒక గుండ్రాయిని మాస్కోలో రహస్య పోలీసు కార్యాలయం ఎదుట స్మారకంగా నిలిపారు. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఆగస్టులోనే జొసీమా, సవ్వాతిల అస్థికలు మఠానికి తిరిగి వచ్చాయి.

ఒక చిన్న సంగతి నన్ను ఆకట్టుకుంది. 1997లో వచ్చిన 500 రూబుళ్ళ నోటు మీద సొలవ్కీ బొమ్మ వేశారు. చూసినవాళ్ళు గమనించింది ఏమిటంటే, చర్చి మీద ఉల్లిగడ్డ శిఖరాలు లేవు, చెక్క పిరమిడ్ల లాంటి టోపీలు ఉన్నాయి. 1923 మంటల్లో శిఖరాలు పోయాక శిబిరం కాలంలో పెట్టిన కప్పులవి. అంటే దేశమంతా జేబుల్లో పెట్టుకు తిరిగింది శిబిరం బొమ్మ. తర్వాతి ముద్రణలో శిఖరాలు పెట్టి సరిచేశారు. మఠం అలాగే ఉండాలి కాబట్టి సరిచేశారంటే అర్థం చేసుకోవచ్చు. నన్నడిగితే పాత నోటే ఎక్కువ నిజం చెప్పింది.

ఇప్పటి సమస్య కూడా ఇదే. 2009లో మఠాధిపతినే మ్యూజియం డైరెక్టరుగా నియమించారు. దానికి వాదన ఉంది. కట్టడం మఠంగా పుట్టింది, సన్యాసులు మళ్ళీ వచ్చారు, ఒకే చేతి కింద ఉంటే మరమ్మతులు సాగుతాయి. నిజంగానే మరమ్మతులు సాగాయి. 2010లో శిబిరం మీద ప్రత్యేక ప్రదర్శన కూడా ఒక పాత బారకాసులో పెట్టారు. అయినా నాకు తృప్తిగా లేదు. మఠం తన అమరవీరులను స్మరిస్తుంది. శిబిరంలో పోయిన మతగురువులు చాలామంది ఈ రోజు సెయింట్లు. మరి నాస్తికుడైన సోషలిస్టు, యూదు వర్తకుడు, ముస్లిం రైతు, జేబుదొంగ, వ్యభిచారం నేరం కింద పట్టుకొచ్చిన స్త్రీ – వీరి జ్ఞాపకం ఎవరి బాధ్యత? మఠం వారిని తీసేయకపోవచ్చు. కానీ మఠం కథలో వారు పక్క పాత్రలే అవుతారు. పైగా మఠం తాను మూడు శతాబ్దాలు జైలరుగా ఉన్న సంగతి తానే తన గోడ మీద రాసుకోవాల్సి వస్తుంది. ఏ సంస్థా ఆ పని ఇష్టంగా చేయదు. శిబిరం చరిత్ర చెప్పే మ్యూజియం మఠం చేతిలో ఉండకూడదన్నది నా అభిప్రాయం. 2021లో రష్యా న్యాయస్థానం ‘మెమోరియల్’ సంస్థను రద్దుచేసింది. దీంతో ఆ పని చేయగల స్వతంత్ర సంస్థ కూడా దేశంలో లేకుండా పోయింది.

మఠమంతా మొదటినుంచీ జైలే అన్నవాళ్ళతోనూ నేను ఏకీభవించను. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఏడాదికి ఇంటికి పోయాడు. శిబిరం కుర్రవాడు పోలేదు. ఆ తేడాను చిన్నది చేస్తే చనిపోయినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. నేను చెప్పేది ఒక్కటే. గోడ, బట్టీ, ఓడ, శిక్షగది, ఖైదీ నడవడి మీద నివేదిక రాసే అలవాటు ఇవన్నీ 1923లో సిద్ధంగా ఉండబట్టి శిబిరం అంత వేగంగా నిలబడింది. తర్వాతివాళ్ళు ఏ పనికైనా వాడుకోగల సాధనాలను మంచివాళ్ళు కూడా తయారుచేసి పెడతారు.

విద్యార్థులకు ఒక విన్నపంతో ముగిస్తాను. రష్యన్ సాహిత్యాన్ని తెలుగువాళ్ళు చదివినంత ఆబగా చదివిన భాషలు మన దేశంలో తక్కువ. గోర్కీని మన ఇంటి మనిషిని చేసుకున్నాం. లిహచోవ్ జ్ఞాపకాలు కూడా తెలుగులోకి రావాలి. ఇంగ్లీషు మీదుగా కాక రష్యన్ నుంచి నేరుగా రావాలి. రష్యన్ నేర్చుకున్నవాళ్ళు, నేర్చుకోవాలనుకుంటున్నవాళ్ళు ఈ సభలో ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. పుస్తకం నా దగ్గర ఉంది, ఇస్తాను.